సెఫ్ఏడీఎం: రోజువారీ పనికి నమ్మకమైనదే, మేనేజర్ పడిపోతే మాత్రం సిస్టమ్‌డీయే దిక్కు

సెఫ్ అంటే డేటాను చాలా సర్వర్లలో పంచి దాచే స్టోరేజ్ సాఫ్ట్‌వేర్, దాన్ని అమర్చి నడిపే టూల్ సెఫ్ఏడీఎం. 2020లో సెఫ్ ఆక్టోపస్ రిలీజ్‌తో వచ్చిన ఈ టూల్, సెఫ్‌లోని ప్రతి డెమన్‌నూ (వెనకాల నడిచే ప్రోగ్రామ్‌నూ) పాడ్‌మ్యాన్ లేదా డాకర్ కంటైనర్‌లో నడిపి, దానికో సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులను నడిపే ప్రోగ్రామ్) యూనిట్ పెడుతుంది. ఈ అమరిక మాకు బాగా నచ్చింది.

ఒక్క ఓఎస్‌డీ (డిస్క్‌లోని డేటాను చూసుకునే డెమన్) మొరాయిస్తే ‘సెఫ్ ఆర్క్ డెమన్ రీస్టార్ట్’ అని దాని పేరిస్తే చాలు. ‘డెమన్’ అన్న మాట వదిలేసి సర్వీస్ పేరిస్తే ఆ సర్వీస్‌లోవన్నీ రీస్టార్ట్ అవుతాయి. పీజీలు (డేటాను విడగొట్టిన గుంపులు) కోలుకునేదాకా ఒక్కోదాని దగ్గర ఆగుతుందని ఆశించకండి. ఆపితే ఫర్వాలేదా అని ముందు ‘ఓకే టు స్టాప్’తో అడగండి. సర్వర్ మొత్తం రీబూట్ చేయాలంటే ‘నోఅవుట్’ ఫ్లాగ్ పెట్టాల్సిందే. లేకుంటే, రీబూట్ ఆలస్యమైతే డీఫాల్ట్‌గా 600 సెకన్లకు ఓఎస్‌డీలు లెక్కలోంచి అవుట్ అయి, అనవసరంగా డేటా కాపీలు మొదలవుతాయి. పనయ్యాక ఆ ఫ్లాగ్ తీసేయడం మరవద్దు.

అసలు లోపం వేరే ఉంది. ‘సెఫ్ ఆర్క్’ కమాండ్లన్నీ మేనేజర్ (క్లస్టర్ నిర్వహణ చూసే డెమన్) మీదే ఆధారపడ్డాయి. అది బిగుసుకుపోతే ‘సెఫ్ ఎంజీఆర్ ఫెయిల్’తో పని స్టాండ్‌బైకి (సిద్ధంగా ఉన్న మరో మేనేజర్‌కి) మారుతుంది. స్టాండ్‌బై కూడా లేకపోతే ఆయా సర్వర్‌లోకి లాగిన్ అయి, ‘సెఫ్ఏడీఎం ఎల్ఎస్’లో ఎఫ్ఎస్ఐడీ (క్లస్టర్ గుర్తింపు ఐడీ) చూసుకుని, సిస్టమ్‌డీ కమాండ్ అయిన సిస్టమ్‌సీటీఎల్‌తో యూనిట్‌ను లేపాలి. 30 నిమిషాల్లో 5 సార్లు పడిపోయిన యూనిట్‌ను సిస్టమ్‌డీ ఇక లేపదు. అప్పుడు ‘రీసెట్ ఫెయిల్డ్’ ఇచ్చాకే స్టార్ట్ చేయాలి. అంతకంటే ముందు ‘సెఫ్ఏడీఎం లాగ్స్’ చదవండి, కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

డెమన్ల జాబితా ఇచ్చే ‘ఆర్క్ పీఎస్’ చూపేది కాస్త పాత సమాచారం. ‘రిఫ్రెష్’ జోడించి, కాసేపాగి మళ్లీ చూడండి.