భీమిలి పాత బంగళాలో మూడు పూటలు

భీమిలిలో ఒక పాతకాలపు బంగళాను లాడ్జిగా మార్చారని, దాని వరండాలో కూర్చుంటే గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు కనబడుతుందని విని, మార్చిలో అమ్మను తీసుకుని ఒక రాత్రి బసకు వెళ్లాను. విశాఖ నుంచి తీరం వెంట సుమారు 25 కిలోమీటర్లు. దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర కాసేపు ఆగాం. చాలామంది ఈ బంగళాకు రాత్రి భోజనానికే వెళ్తారు. మీరు ఆ పొరపాటు చేయకండి.

మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేచి కొండల వెనక దిగుతాడు. ఆరున్నర దాటితే కిటికీ పక్క బల్ల దొరికినా అద్దంలో కనిపించేది లోపలి దీపాలూ మన ముఖాలే. ఏసీ కోసం తలుపులన్నీ మూయడంతో అలల చప్పుడు కూడా వినబడలేదు. అడిగిన 50 నిమిషాలకు వంజరం వేపుడు వచ్చింది. మసాలా ఎంత మందంగా పట్టించారంటే చేప రుచే తెలియలేదు. సముద్రం ఒడ్డున కూర్చుని ఇలా తినాల్సి వచ్చినందుకు నాకు నిజంగా బాధ వేసింది. వడ్డించిన అబ్బాయి మాత్రం అమ్మ కారం తినలేకపోవడం చూసి, అడగకుండానే గడ్డపెరుగు తెచ్చిపెట్టాడు.

గది అద్దె 2,400 రూపాయలు. గానుగ సున్నపు మందపాటి గోడలు, టేకు దూలాలు. ఫ్యాను ఒక్కటీ చాలింది. వేడినీళ్లు బకెట్లతో తెప్పించుకోవాలి.

తెల్లవారుజామున అయిదున్నరకే అమ్మ నన్ను లేపింది. వరండా చివరి స్తంభం పక్క బల్ల దగ్గర కూర్చున్నాం. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చిన గోస్తనీ అక్కడ ఇసుక మేటల మధ్య నెమ్మదించి, చిన్న పాయగా సముద్రంలోకి జారుతోంది. ముందు నీళ్లు బూడిద రంగులో ఉన్నాయి, తర్వాత రాగి రంగుకు తిరిగాయి. కింద ఇసుకలో ఇరవై మందిదాకా అలివి వల లాగుతున్నారు. అల్లం ముక్కలు, పచ్చిమిర్చి అద్దిన పెసరట్టు అంచులు కరకరలాడుతూ పొగలతో వచ్చింది. రాత్రి వండిన వంటిల్లేనా ఇది అనిపించింది.

అమ్మ వంటాయనను పిలిచి, “బాబూ, ఆ వలలో చేపలు మీ వంటింటికి వస్తాయా?” అని అడిగింది.

“వస్తాయమ్మా. రాత్రి అందరూ వేపుళ్లే అడుగుతారు. మధ్యాహ్నం దాకా ఉంటే పులుసు పెడతాను.”

ఉండిపోయాం. తొమ్మిది కాకముందే ఎండ వరండాలోకి సూటిగా కొడుతుంది కాబట్టి ఆ వేళ డచ్చి వారి సమాధులు చూసి వచ్చాం. అవి 17వ శతాబ్దం నుంచి ఉన్నవి. తిరిగి వచ్చేసరికి వరండాలో నీడ పరుచుకుంది. పచ్చి మామిడికాయ ముక్కలతో నెత్తళ్ల పులుసు, వేడి అన్నం. మామిడి పులుపు ముందు తగిలి, చేప తీపి తర్వాత తెలిసింది. అమ్మ రెండోసారి అన్నం పెట్టించుకుంది. ఇద్దరికీ 520 రూపాయలయింది.

ఈ పులుసు మెనూలో లేదు. ముందురోజు సాయంత్రం ఫోను చేసి చెబితే పెడతారు. బల్ల కూడా అప్పుడే అడగండి, వరండాలో కుడివైపు చివరిది.