సొంతంగా కట్టే విమానానికి జిప్సీ ఇంజనా, బీటిల్ ఇంజనా?

విజయవాడలో నా షెడ్డుకు వచ్చినవాళ్లంతా ఒకటే అడుగుతున్నారు: "మారుతి జిప్సీ జీపు ఇంజన్‌కి ఆటోనగర్‌లో సామాను దొరుకుతుంటే, ఎక్కడి నుంచో ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు ఇంజన్ తెప్పించడం ఎందుకండీ?"

జిప్సీ కింగ్ ఇంజన్ మంచిదే. 1298 సీసీ, అల్యూమినియం బ్లాకు, 80 హార్స్‌పవర్. మన మే ఎండల్లో నీళ్ల కూలింగ్ పెద్ద అండ. కానీ ఆ 80 వచ్చేది 6000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర. 60 అంగుళాల ప్రొపెల్లర్‌ని నేరుగా ఆ వేగంతో తిప్పితే రెక్కల కొసలు సెకనుకు 480 మీటర్లు పోతాయి, అంటే ధ్వనిని దాటేస్తాయి. చప్పుడు పెరిగి లాగుడు పడిపోతుంది. అందుకని మధ్యలో రిడక్షన్, అంటే వేగం తగ్గించే గేరో బెల్టో పెట్టాలి. నా మటుకు అసలు నిర్ణయమంతా ఈ ఒక్క ముక్క దగ్గరే ఉంది.

ఏ మెకానిక్ దగ్గరైనా పాత క్లచ్ ప్లేటు అడిగి చేతిలోకి తీసుకోండి. నడుమ చుట్టూ పొట్టి స్ప్రింగులుంటాయి. బాగా వాడిందైతే ఊపగానే గలగలమంటాయి. సిలిండర్ మండినప్పుడల్లా క్రాంకు (పిస్టన్లు తిప్పే షాఫ్టు) ఇచ్చే కుదుపును మింగడానికే అవి ఉన్నాయి. విమానంలో ఆ క్లచ్ ఉండదు, పైగా చివర బరువైన ప్రొపెల్లర్. కుదుపుల లయా, షాఫ్టు మెలితిరిగి ఊగే లయా ఏదో ఒక ఆర్‌పీఎంలో కలిశాయంటే గేరు పళ్లు రాలతాయి, షాఫ్టు తెగుతుంది. లేత్ మీద రిడక్షన్ చక్కగా చేసిచ్చే పనివాళ్లు మనకున్నారు. ఆ ఊపును కొలిచి తగ్గించడం మాత్రం వేరే విద్య.

బీటిల్‌కి ఈ గొడవ లేదు. 2180 సీసీకి పెంచితే 70 హార్స్‌పవర్ దాకా ఇస్తుంది. 3200 ఆర్‌పీఎంలో అదే ప్రొపెల్లర్ కొస వేగం 255 మీటర్లే, కాబట్టి ప్రొపెల్లర్ బిగించే హబ్ నేరుగా క్రాంకుకే. ఆ హబ్ వచ్చే పుల్లీ వైపు బేరింగు చిన్నది. పెద్ద బేరింగుతో వచ్చే హబ్ కొనండి, అక్కడ డబ్బులు మిగుల్చుకోవద్దు. ఇది గాలితోనే చల్లబడే ఇంజన్, దీని బలహీనత వేడి. ఎండ ముదిరాక ఎక్కువసేపు పైకి ఎక్కితే సిలిండర్ హెడ్లు కాగిపోతాయి, ఎగ్జాస్ట్ వాల్వులకు దెబ్బ. నేను తెల్లవారుజామునే ఎగరాలనుకుంటున్నాను.

రెండు సీట్లు కావాలంటే షెవర్లే కార్వెయిర్ కారు ఇంజన్ చూడొచ్చు, ఆరు సిలిండర్లు. క్రాంకులు విరిగిన చరిత్ర ఉంది, ప్రొపెల్లర్ వైపు అదనంగా ఐదో బేరింగు వేయించాలి. సుబారు, హోండా కార్ల ఇంజన్లకు మళ్లీ రిడక్షన్ తలనొప్పే.

నాది ఒక్క సీటు చెక్క విమానం. బీటిల్‌కే డబ్బు కట్టాను. జిప్సీ ఇంజన్ మీదే చాలా గంటలు తిరిగి నిలిచిన రిడక్షన్ మీకు దొరికితే మాత్రం అటువైపే వెళ్లండి, నేను అడ్డు చెప్పను.