ఖాళీ పేజీకి అయిదు మార్కులు

'ది హాబిట్', 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' నవలలు రాసిన ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ టోల్కీన్ పాత ఇంటర్వ్యూలు నాలుగేళ్లుగా తిరగేసి మరగేసి చూస్తున్నాను. హాబిట్‌లంటే ఎవరో, ఉంగరం కథేమిటో తెలియనివాళ్లు వీటి జోలికి రారు కాబట్టి అదంతా వదిలేస్తున్నా. ఇక్కడ చెప్పేది 1968లో బీబీసీ ఆక్స్‌ఫర్డ్‌లో తీసిన అరగంట సినిమా గురించి. అందులోనూ ఒక్క నిమిషం గురించి.

ముందు నా గోడు. ఆయన మాట ఓ పట్టాన అర్థం కాదు. నోట్లో పైపు, దాని పక్కనుంచి జారిపోయే మాటలు. గబగబా మొదలెట్టిన వాక్యం చివరికొచ్చేసరికి గొణుగుడైపోతుంది. మా తాతయ్య చుట్ట తియ్యకుండానే కౌలు లెక్కలు చెప్పేవాడు, అచ్చం అలాగే. పోనీ అని క్యాప్షన్లు పెట్టుకుంటే ఆయన కథల కోసం కల్పించిన ఎల్విష్ భాష కాస్తా ఎల్విస్ అయి కూర్చుంది. వేగం ముప్పావుకి తగ్గిస్తే పెద్దాయన మందు కొట్టి మాట్లాడుతున్నట్టుంది.

పరీక్ష పేపర్ల కథ అందరూ వినే ఉంటారు. ఎండాకాలం, ఎదురుగా దిద్దాల్సిన పేపర్ల గుట్ట, మధ్యలో ఎవరో ఏమీ రాయకుండా వదిలేసిన పేజీ. దానిమీద ఆయన హాబిట్ మొదటి వాక్యం గిలికారు. నేనూ చాలాసార్లు విన్నాననే అనుకున్నాను.

కిందటేడు ఏప్రిల్‌లో స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లాను. పొద్దున పదిహేను, మధ్యాహ్నం పదిహేను. రాత్రి లాడ్జిలో డేటా అయిపోయింది. ముందే దించి పెట్టుకున్న ఫైల్‌లో క్యాప్షన్లు లేవు. గతిలేక ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుని విన్నాను. ఆ ఖాళీ పేజీ దగ్గర ఇన్నేళ్లూ గొణుగుడనుకుని దాటేసిన ముక్క అప్పుడు చెవినపడింది: ఆ పేజీ కనబడ్డ సంబరంలో ఇంకో అయిదు మార్కులు వేసేయబోయాడట! పక్క మంచం మీది ఫిజిక్స్ సార్ ఉలిక్కిపడి లేచేంత గట్టిగా నవ్వాను. ఆ మధ్యాహ్నమే అలాంటి ఖాళీ పేజీ మీద ఎర్ర ఇంకుతో అడ్డగీత కొట్టి, దేవుడికి దండం పెట్టుకున్నవాణ్ని మరి.

అలాగని సినిమా మొత్తం ఇంత బావుంటుందని కాదు. మొదట్లో కనబడ్డవాళ్లందరికీ చూడమని చెప్పేవాణ్ని, ఇప్పుడు ఆ నిమిషం వరకే కోసి పంపుతున్నా. ఉన్న కాస్త సమయంలో స్టూడెంట్ల అభిప్రాయాలు, బాణసంచా కొంత తినేస్తాయి. తీసిన దాంట్లో చాలా భాగం వాడనే లేదట, తలుచుకుంటే కడుపు మండుతుంది. చావు గురించి ఫ్రెంచి రచయిత్రి సిమోన్ ద బోవా రాసిన మాటలు చదివి, నా కథకి కీలకం ఈ చావు సంగతే అని ఆయన చెప్పేచోట మాత్రం కదలబుద్ధి కాదు.

గొణుగుడు ఆయన చేతకానితనమనీ అనలేను. 1952లో మాల్వెర్న్‌లో స్నేహితుడి ఇంట్లో టేప్‌లోకి చదివినది వింటే ఆయన కథల్లోని గొల్లమ్ అనే వింతజీవి గొంతు ఎంత స్పష్టంగా పలుకుతుందో! (ఆ యంత్రంలో దయ్యముంటే పోతుందని ముందు ఎప్పుడో అంతరించిన గోథిక్ భాషలో ప్రార్థన చదివారట.) రాసుకున్నది చదివేటప్పుడు ఒక మనిషి, కబుర్లలో పడితే ఇంకో మనిషి.

చూడమంటానా? నాకింత నచ్చడానికి సగం కారణం నా ఉద్యోగమే అని అనుమానం. జన్మలో పేపరు దిద్దని మా తమ్ముడికి ఆ నిమిషం చూపించాను. అంతా చూసి, "ఆ పైపు తీసి మాట్లాడమని చెప్పేవాళ్లే లేరా అన్నయ్యా?" అన్నాడు.