నెల్లూరు ట్రంక్ రోడ్డు దగ్గర సందులో పాత పుస్తకాల షాపు: 3.5 స్టార్లు

కావలి లోక్‌సభ సీటు గురించి ఏమన్నా దొరుకుతాయేమో అని పోయినా, ఇప్పటి పిలకాయలకి కావలికి విడిగా ఒక ఎంపీ ఉండేవాడంటే నమ్మరు కదా, ఇప్పుడది నెల్లూరు లోక్‌సభ కింద ఒక అసెంబ్లీ అంతే. షాపాయన్ని "అన్నా, పాత ఎలక్షన్ల పుస్తకాలుండాయా" అంటే తల కూడా ఎత్తకుండా అటకమీద కట్ట చూపించినాడు, నువ్వే దించుకో అని. ఫ్యాన్ లేదు, దుమ్ముకి తుమ్ములే తుమ్ములు.

కానీ సరుకు మాత్రం సూపర్ అబ్బా. చెదలు కొట్టిన ఒక డైరెక్టరీలో 1962 పేజీ దొరికింది, కావలి నించి బెజవాడ గోపాలరెడ్డి. మన బుచ్చిరెడ్డిపాళెం ఆయనే, అంతకుముందు 1955లో ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రి, కావలి నించి గెలిచినాక నెహ్రూ కేబినెట్‌లో సమాచార ప్రసార శాఖ, 1967లో యూపీ గవర్నర్. అదే 1962లో మార్కాపురం కూడా ఎంపీ సీటే, ఆడ సీపీఐ గుజ్జుల యల్లమందారెడ్డి గెలిచినాడు, ప్రకాశం జిల్లా 1970లో గానీ పుట్టలేదు కాబట్టి ఊరు అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. ఇప్పుడు ఒంగోలు లోక్‌సభలో కలిసిపోయింది. 1977 ఎలక్షన్ల నాటికి ఈ రెండు సీట్లూ లేవు.

రేటు దగ్గరే గొడవ, అట్ట చిరిగిన దానికి కొత్తదాని రేటు చెప్తాడు, బేరమాడితే సగానికి దిగుతాడు. బిల్లు ఇయ్యడు, ఫోన్‌పే ఉంది. ఆదివారం పోవద్దు, మూసుంటాది.