ఎస్కేయూలో సీటొచ్చింది, హాస్టల్ రాలేదు: ఎక్కడ ఉంటే మేలు?

పీజీ సీట్ల కోసం రాసే పీజీసెట్ కౌన్సెలింగ్ మొదలైతే చాలు, జూనియర్లు ఫోన్ చేసి అడిగేది ఒకటే: "అన్నా, అనంతపురంలో సీటు వచ్చింది, హాస్టల్ ఫుల్ అంటున్నారు, టౌన్‌లో ప్రైవేట్ హాస్టల్లో ఉండాల్నా, క్యాంపస్ దగ్గర రూము తీసుకోవాల్నా?" ఈసారి మా చెల్లెలికీ ఇదే సమస్య వచ్చింది కాబట్టి, మేం చూసినవన్నీ రాసేస్తున్నా. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ (ఎస్కేయూ) గురించే చెప్తున్నా గానీ కడప యోగి వేమనకో, కర్నూలు రాయలసీమ యూనివర్సిటీకో వెళ్లేవాళ్లకూ చాలావరకు ఇదే లెక్క, అవీ ఊరి బయటే కదా.

ఎస్కేయూ యూనివర్సిటీ అయింది 1981లో. ఆ తర్వాత కోర్సులు పెరిగాయి, క్యాంపస్‌లోనే ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది, గదులు మాత్రం ఆ లెక్కన పెరగలేదు. 2021 నుంచి పీజీసెట్ రాష్ట్రమంతటికీ ఒకటే అయ్యాక సీట్లు విడతలవారీగా ఇస్తున్నారు, చివరి విడతలో చేరినవాళ్లు వచ్చేసరికి గదులు నిండిపోయి ఉంటాయి. చదువులో వెనకబడి కాదు, ఆలస్యంగా పేరు వచ్చినందుకు బయట ఉండాల్సి రావడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

సరే, ఏది మేలు? అందరూ నెలకు ఎంత అని అడుగుతారు. నన్నడిగితే ఎంత అన్నదానికన్నా ఎప్పుడు కట్టాలన్నదే అసలు ప్రశ్న. మన జిల్లాలో చాలా ఇళ్లలో డబ్బు నెలనెలా రాదు. చెనిక్కాయ (వేరుశనగ) వేసేది జూన్, జులైలో, పెరికేది అక్టోబరు, నవంబరులో. అడ్మిషన్లప్పుడు ఉన్నదంతా విత్తనాలకూ ఎరువులకూ పోయి ఉంటుంది. టౌన్‌లో ప్రైవేట్ హాస్టల్ అయితే ముందే అడ్వాన్సు ఇవ్వాలి, ఆపైన ప్రతి నెలా మొదటి వారంలో కట్టాలి, వాన పడినా పడకున్నా. క్యాంపస్ మెస్సులో అలా కాదు, నెల ఖర్చును పిల్లలందరికీ పంచి బిల్లు వేస్తారు, ఒకటి రెండు నెలలు బాకీ పడినా గది నుంచి వెంటనే పంపెయ్యరు. స్కాలర్‌షిప్పు వచ్చినప్పుడో పంట అమ్మినప్పుడో కడతారు. ఆ బాకీ ఊరికే పోదు, చివర్లో నో డ్యూస్ (బాకీ లేదనే కాగితం) కావాలంటే మొత్తం కట్టాల్సిందే, అది మాత్రం మరిచిపోవద్దు. అయినా మధ్యలో ఊపిరి తీసుకునే టైం దొరుకుతుంది. నాతో చదివిన ఒకబ్బాయి టౌన్ హాస్టల్లో రెండు నెలలు కట్టలేక పెట్టె సర్దుకుని ఊరికెళ్లాడు, ఆ సెమిస్టరు పోయింది. ఫీజు వల్ల కాదు, తేదీ వల్ల.

ఉదాహరణకు టౌన్‌లో నెలకు ఐదు వేలు అనుకోండి, పది నెలలకు 50 వేలు. 2020లో అప్పటి ప్రభుత్వం పిల్లల హాస్టల్, భోజనం ఖర్చుకని వసతి దీవెన పథకం పెట్టినప్పుడు డిగ్రీ, ఆపై చదువులకు ఏడాదికి 20 వేలు, అదీ రెండు విడతల్లో ఇస్తామన్నారు. ఆ డబ్బు మెస్ బిల్లుకైతే గట్టి ఆసరా, టౌన్ హాస్టల్‌కు నాలుగు నెలలకే సరి. ఇంకోమాట, ఎవరైనా హాస్టల్ బిల్లు మీద జీఎస్టీ అంటే ఒప్పుకోవద్దు: నెలకు 20 వేల లోపు అద్దె అయి, వరుసగా 90 రోజులైనా ఉంటే జీఎస్టీ లేదని 2024లోనే తేల్చారు.

క్యాంపస్ దొరక్కపోతే నా ఓటు యూనివర్సిటీ దగ్గరున్న ఆకుతోటపల్లి, ఇటుకలపల్లి వైపు రూముకే. ముగ్గురు కలిస్తే అద్దె తేలిక, బియ్యం ఇంటి నుంచి వస్తాయి, సాయంత్రం లైబ్రరీలో కూర్చుని కూడా ఆటో కోసం టెన్షన్ పడకుండా రూముకు చేరొచ్చు. వంటకు టైం పోతుంది, అది నిజం, ఎండాకాలం బోరులో నీళ్లుంటాయా అని రూము చూసే రోజే పక్కింటివాళ్లను అడగండి, ఓనరును కాదు. టౌన్ హాస్టల్లో వండే పని ఉండదు, కోచింగ్ సెంటర్లు దగ్గర. గ్రూప్స్‌కో బ్యాంకు పరీక్షలకో సీరియస్‌గా చదివేవాళ్లకు, ఇంట్లో నెల జీతం ఉన్నవాళ్లకు అదే సులువు, కాదనను.

ఇంటి నుంచి రోజూ తిరగడం అనేది మీ ఊరు ఏ దారిలో ఉందన్నదాన్ని బట్టి. బత్తలపల్లి, ముదిగుబ్బ వైపు బస్సులు యూనివర్సిటీ మీదుగానే పోతాయి, గేటు దగ్గరే దిగొచ్చు, పైగా 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు టికెట్ లేదు. ఉరవకొండ, కళ్యాణదుర్గం వైపు వాళ్లు అనంతపురంలో బస్సు మారాలి, ప్రాక్టికల్స్ ఉన్నవాళ్లు అది పెట్టుకోవద్దు.

సంక్షేమ హాస్టల్‌కు అర్హత ఉంటే ముందు అక్కడే అడగండి. ఫ్రెండు గదిలో నాన్ బోర్డరుగా (మన పేరున గది లేకుండా) దూరడం మాత్రం వద్దు, ఇద్దరి గదిలో నలుగురైతే ఎవరి చదువూ సాగదు.

మా ఊరు కళ్యాణదుర్గం వైపు కాబట్టి చెల్లెలికి బస్సు కుదరలేదు. క్లాసులోని ఇద్దరమ్మాయిలతో ఆకుతోటపల్లిలో, ఓనరు కుటుంబం కింద ఉండే ఇంట్లో రూము తీసుకున్నాం. ఏడాది అగ్రిమెంటు రాయలేదు, నెల ముందు చెప్పి ఖాళీ చేస్తామని మాట్లాడుకున్నాం. హాస్టల్ అప్లికేషన్ వార్డెన్ ఆఫీసులో ఇచ్చి, కాపీ మీద తేదీతో సంతకం తీసుకున్నాం, మధ్యలో ఎవరైనా మానేస్తే ఆ గది అడగడానికి. మీరూ ఫుల్ అన్నారని వెనక్కి రాకుండా ఆ కాగితం ఇచ్చి రండి.