మినీ స్ట్రోక్ తర్వాత పెద్దవాళ్ళను ఎక్కడ చేర్చాలి: శ్రీకాకుళంలోనా, వైజాగ్‌లోనా?

మినీ స్ట్రోక్ వచ్చిన మా అమ్మ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక చూడ్డానికి వచ్చినవాళ్ళలో చాలామంది అడిగింది ఒకటే మాట: "నేరుగా వైజాగ్ తీసుకెళ్ళిపోకుండా శ్రీకాకుళంలో ఎందుకు ఉంచారు?" కొందరేమో, "మాట వచ్చేసింది కదా, అసలు ఆసుపత్రి దేనికి?" అన్నారు. ఇప్పుడు ఇవే ప్రశ్నలు ఫోన్లలోనూ వస్తున్నాయి కాబట్టి, మేం ఆలోచించుకున్న తీరు ఇక్కడ రాసేస్తున్నాను.

ముందు ఆ రెండో ప్రశ్న. మూతి వంకరపోయి, మాట ముద్దగా వచ్చి, పావుగంటలో అన్నీ సర్దుకున్నా జబ్బు తగ్గినట్టు కాదు, మినీ స్ట్రోక్ అంటే అదే. అసలు పక్షవాతం వచ్చే ప్రమాదం ఆ తర్వాతి 48 గంటల్లోనే అన్నిటికన్నా ఎక్కువ. అందుకే ఇంట్లో పడుకోబెట్టి చూడడం, ఆకు పసరు, ఊళ్ళో ఆర్‌ఎంపీ చేత సెలైను పెట్టించడం లాంటివి నేను లెక్కలోకే తీసుకోను. బీపీ ఎక్కువుందని నాలుక కింద మాత్ర పెట్టి ఒక్కసారిగా దించేయడం మరీ ప్రమాదం. ఇంట్లో ఉంది కదా అని ఆస్పిరిన్ కూడా వేయకూడదు. రక్తం గడ్డకట్టిందా, నరం చిట్లిందా అన్నది తలకు సీటీ స్కాన్ తీస్తేనే తెలుస్తుంది.

వైజాగ్ వెళ్ళమనేవాళ్ళ మాటలో బలం ఉంది. న్యూరాలజిస్టులు, ఎంఆర్‌ఐ, మెడ రక్తనాళాలు చూసే డాప్లర్ స్కాన్ అన్నీ దొరికే ఊరు అది. కేజీహెచ్, విమ్స్ లాంటి ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి, ప్రైవేటువి సరేసరి. చేతిలో డబ్బు, ఇంటి ముందు కారు ఉన్నవాళ్ళ మనసు ముందు అటే లాగుతుంది.

నా మటుకు తేల్చింది ఇంకొకటి. ఆ రెండు రోజుల్లో మళ్ళీ పక్షవాతం వస్తే ఏం చేయాలి? గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు పడాలి, ఎంత ముందు పడితే అంత మేలు. కాబట్టి ఏ డాక్టరు గొప్ప అన్నది తర్వాత, ఆ రాత్రి అమ్మ ఏ మంచం మీద ఉండాలన్నది ముందు. మాది నరసన్నపేట దగ్గర ఊరు, శ్రీకాకుళం అరగంట పైచిలుకు. అక్కణ్ణించి వైజాగ్ హైవే మీద వంద కిలోమీటర్లు దాటుతుంది. ఊళ్ళో దిగాక ట్రాఫిక్, చేరాక అడ్మిషన్ కాగితాలు. ఏ రణస్థలం దగ్గరో రెండోసారి వస్తే కారులో మనం చేయగలిగింది ఏమీ లేదు.

అందుకని సీటీ, మొదటి రెండు రాత్రులు శ్రీకాకుళంలోనే అనుకున్నాం. దగ్గర కదా అని ఏ నర్సింగ్ హోమైనా సరిపోదు. సూపర్ స్పెషాలిటీ అని బోర్డు ఉంటుంది, రాత్రి రెండింటికి సీటీ తీసే మనిషి ఉండడు. దారిలోనే ఫోన్ చేసి అడిగాం: సీటీ రాత్రి కూడా తీస్తారా, చూసి చెప్పేవాళ్ళు అప్పుడు ఉంటారా, ఆ ఇంజెక్షన్ స్టాకులో ఉందా, బయటి నుంచి తెప్పించాలా? ఒకచోట "ముందు తీసుకొచ్చేయండి సార్, చూద్దాం" అన్నారు. అటు వెళ్ళలేదు. మనం ఇప్పటికీ రిమ్స్ అనే పెద్దాసుపత్రినైనా, ప్రైవేటునైనా ఇవే అడగాలి. ఎక్కడా సరైన జవాబు రాకపోతే వైజాగే, అదీ 108లో. మనిషి చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్నింటికో గుర్తు పెట్టుకోండి, డాక్టరు మొదట అడిగేది అదే.

పక్కన ఎవరుంటారన్నది కూడా చిన్న విషయం కాదు. పెద్దవాళ్ళు కొత్తచోట రాత్రిపూట తికమకపడి సెలైను పీకేసుకుంటారు. వైజాగ్ అయితే అన్నయ్యా నేనూ లాడ్జీ తీసుకుని వంతులేసుకోవాలి. శ్రీకాకుళంలో వదిన పొద్దున్న, అప్ప సాయంత్రం ఉండగలిగారు. మూతి మళ్ళీ కొంచెం తేడాగా ఉందని డ్యూటీ నర్సు కన్నా ముందు కనిపెట్టేది రోజూ ఆ మొహం చూసేవాళ్ళే. అన్నట్టు, మింగగలుగుతున్నారో లేదో డాక్టరు చూసేదాకా గంజి కాదు, మంచినీళ్ళు కూడా పట్టకండి.

వైజాగ్ మేమూ వెళ్ళాం, తర్వాత, పగటిపూట, రిపోర్టులు పట్టుకుని. సీటీ నార్మల్ అని వచ్చినంత మాత్రాన మినీ స్ట్రోక్ రాలేదని కాదు, చిన్న దెబ్బలు ఎంఆర్‌ఐలో దొరుకుతాయి. డాప్లర్‌ను మాత్రం పండగ అయ్యాక చూద్దాం అనకండి. మెడ నాళం బాగా పూడుకుపోయి ఆపరేషన్ అవసరమైతే, అది రెండు వారాల్లోపు జరిగితేనే ఎక్కువ ఫలితం. శ్రీకాకుళంలోనే తీయించగలిగితే ఇంకా నయం.

విజయనగరం వాళ్ళకు నా లెక్క అలాగే కుదరదు. గంటన్నరలో వైజాగ్ చేరిపోతారు, లక్షణాలు పూర్తిగా తగ్గి ఉంటే నేరుగా వెళ్తే తప్పనను. తగ్గకపోతే మాత్రం ముందు దగ్గర్లో సీటీ ఉన్నచోటికే. ఇచ్ఛాపురం వాళ్ళకు ఒడిశాలోని బరంపురమే దగ్గర, అక్కడ మన ఆరోగ్యశ్రీ కార్డు చెల్లుతుందో లేదో కనుక్కుని వెళ్ళండి.

కార్డంటే గుర్తొచ్చింది. ఎన్టీఆర్ వైద్య సేవ, మన నోటికి అలవాటైన ఆరోగ్యశ్రీ, ఉన్నవాళ్ళు పేషెంటును లోపలికి పంపగానే ఒకరు ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే ఆరోగ్య మిత్ర దగ్గరికి వెళ్ళాలి. ఏది కార్డులో వస్తుందో, ఏది మన జేబులోంచో అప్పుడే తేలిపోతుంది.

ఇంటికి పంపేటప్పుడు చాలామందికి రక్తం పలచబడే మాత్రలు రెండు రకాలు రాస్తారు. మూడు వారాలకు ఒకటి ఆపేయమంటారు. ఏది, ఏ తేదీన ఆపాలో చీటీ మీదే రాయించుకోండి, లేకపోతే ఇంట్లో రెండూ ఆపేసేవాళ్ళున్నారు, రెండూ ఏడాదిపాటు మింగేవాళ్ళూ ఉన్నారు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వాళ్ళయితే ఆ సంగతి మొదటే చెప్పాలి. రంగు మందు ఎక్కించి తీసే స్కాన్‌కు ముందు క్రియాటినిన్ ఎంతుందని అడుగుతారు, పాత రిపోర్టు ఫొటో ఫోనులో ఉంటే వెతుకులాట తప్పుతుంది.