కెనాన్ 50 ఎంఎం 1.8 ఎస్టీఎం: కిట్ లెన్స్‌తో విసిగిపోయినవాళ్లకి

మనుషుల ఫొటోలు తీసే పిచ్చి ఉండి, జేబులో డబ్బులు అంతగా లేనివాళ్లు రెండో లెన్స్‌గా కళ్లు మూసుకుని ఇది కొనొచ్చు. 2015లో వచ్చింది, బరువు 160 గ్రాములే, మౌంట్ (కెమెరాకి బిగించే భాగం) మెటల్. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు మాత్రం చూసుకోండి, అంతకుముందు 1990లో వచ్చిన మోడల్‌ది ప్లాస్టిక్ మౌంట్, ఫోకస్ చేస్తుంటే గరగరమంటుంది.

నేను దీని జోలికి రావడానికి కారణం నెల్లూరులో ఒక స్టూడియో ఆయన. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండక్కి పోయి, కెమెరాతో పాటే వచ్చే కిట్ లెన్స్‌తో తీసినవి ప్రింట్‌కిస్తే, రెండు చూసి "ఏందబ్బాయ్ ఇది, జనాన్నంతా తీశావు, మనిషిని ఒక్కర్నీ తియ్యలా, పేపర్ దండగ" అన్నాడు, అదీ పెళ్లి ఆల్బం కోసం వచ్చినవాళ్ల ముందు. ఒళ్లు మండింది. కొత్తగా నేర్చుకునేవాణ్ణి అట్లా అంటే చాలామంది కెమెరా అమ్మేసుకుంటారు, ఆ తీరు నాకిప్పటికీ నచ్చదు. కానీ నాకు పంతం పట్టింది, అది ఇంకా దిగలేదు.

ఈ లెన్స్‌కి జూమ్ లేదు. క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) బాడీ మీద 80 ఎంఎంలా పనిచేస్తుంది, అంటే ఇంకా దగ్గరగా చూపిస్తుంది, కాబట్టి జనాన్నంతా పట్టిద్దామన్నా కుదరదు, ఎవరో ఒకర్ని ఎంచుకుని, దగ్గరికి పోయి, "అమ్మా, ఒక్క ఫొటో" అని అడగాల్సిందే. మరుసటేడు అదే చెరువులో ఒకావిడ ఉద్యోగం రొట్టె (ఉద్యోగం రావాలని మొక్కుకుని పట్టుకునేది) కోసం నిలబడి ఉంది, కొంగంతా తడిసిపోయింది, చేతికొచ్చిన రొట్టెని మాత్రం తడవకుండా పైకెత్తి పట్టుకుంది. ఎఫ్ 2.8లో తీశా, ఈ అంకె ఎంత తగ్గితే లెన్స్ అంత తెరుచుకుంటుంది, వెనకంతా అంత మసకవుతుంది. వెనక జనం రంగుల మరకలైపోయారు, ఆవిడ గాజుల మీద నీటిబొట్టు దాకా తెలిసింది. (దాన్ని ఆయన దగ్గరే ప్రింట్ వేయించా. పొగడలేదు, డబ్బులు తగ్గించలేదు, పెద్ద సైజులో వేయించుకుంటావా అని మాత్రం అడిగాడు.)

లోపాలున్నాయి. 1.8లో దగ్గర్నుంచి తీస్తే ఒక కన్ను షార్ప్‌గా, రెండోది మెత్తగా వస్తుంది. చెయ్యి వణుకుని సర్దే స్టెబిలైజేషన్ లేదు, సాయంత్రాలు షట్టర్ స్పీడ్ 1/125 సెకను కంటే దించకండి. వెలుతురు తగ్గితే ఫోకస్ వెతుక్కుంటుంది. ఇంట్లో గ్రూప్ ఫొటోలకి దండగ, గోడకి ఆనుకుని తీసినా నలుగురు పట్టరు. మైపాడు బీచ్‌కి తీసుకెళ్తే ఉప్పుగాలి, ఇసుక నుంచి మీరే కాపాడుకోవాలి, వెదర్ సీలింగ్ లేదు. లెన్స్ ముందు తగిలించే హుడ్ బాక్సులో రాదు, విడిగా కొనుక్కోండి, ఎదురెండలో అది లేకపోతే ఫొటో తెల్లగా పాలిపోతుంది.